బొగ్గుల మంట దగ్గర పేతురు

వేళకాని వేళ సైరన్ మోగిందంటే బొగ్గుగనుల ఊళ్లలో చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. ఎవరి ఇంటాయన ఏ షిఫ్టులో ఉన్నాడో లెక్క చూసుకుంటూ ఆడవాళ్లు వాకిట్లోకి వస్తారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు గోదావరిఖని కరీంనగర్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగాక పెద్దపల్లి జిల్లాలోకి వచ్చింది. గోదావరి దాటితే మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి. అవన్నీ ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా బొగ్గు ఊళ్లే. జిల్లాల పేర్లు మారాయి గాని ఆ సైరన్ వినగానే గుండె ఝల్లుమనడం మారలేదు.

ప్రమాదంలో చనిపోయినవారిని లెక్కపెడతారు. కాళ్లూ చేతులూ విరిగినవారిని ఆసుపత్రిలో చేర్చుకుంటారు. మరి ఒంటిమీద గీత కూడా పడకుండా బయటికొచ్చినవారి సంగతేమిటి? శవాలను మోసుకొచ్చిన తోటి కార్మికుల సంగతి? గని గేటు దగ్గర పగలూ రాత్రీ ఎదురుచూసిన భార్యల సంగతి? వారికి తగిలిన గాయం ఎక్స్‌రేలో కనబడదు. ఏళ్లు గడిచినా కరెంటు పోయి చీకటి కమ్మితే ఒళ్లంతా చెమటలు పట్టేవారు, కుళాయి హోరుకు ఉలిక్కిపడేవారు, రాత్రి మూడు గంటలకు లేచి కూర్చునేవారు ఇలాంటి ఊళ్లలో ఉంటారు. ఆదివారం ఆరాధనకు వచ్చినా తలుపు పక్కనే, చివరి బెంచీలోనే కూర్చుంటారు. తలుపు మూస్తే వారికి ఊపిరి ఆడదు.

అలాంటి సహోదరుడితో మనం ఏమంటాం? 'భయపడకుము అని దేవుడు చెప్పాడు కదా బ్రదర్, ఇంకా ప్రార్థన చేయండి' అంటాం. మంచి మనసుతోనే అంటాం. కానీ ఆ మాట అతనికి తెలియనిది కాదు. ఆ వాక్యం అతనికి కంఠతా వచ్చు, నమ్ముతాడు కూడా. అతని మనసు విన్న ఆ మాట అతని శరీరానికి ఇంకా వినబడలేదు. అంతే. దాన్ని అవిశ్వాసమని మనం అనుకుంటే గాయపడినవాడిపై ఇంకో గాయం చేసినవాళ్లమవుతాం.

శరీరం మరచిపోదు

మన మెదడులో బాదంగింజంత భాగం ఒకటుంది. దాని పేరు అమిగ్డలా. ప్రమాదాన్ని పసిగట్టడం దాని పని. అది హెచ్చరించగానే, మనం ఆలోచించేలోపే శరీరం సిద్ధమైపోతుంది. అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, నోరు ఎండిపోతుంది. ఎదిరించు, లేదా పారిపో అన్నది ఆ సందేశం. రెండూ కుదరనప్పుడు ఒళ్లు కొయ్యబారిపోతుంది. ఇది బలహీనత కాదు, ప్రాణం కాపాడడానికి సృష్టికర్త మనలో పెట్టిన ఏర్పాటు.

చిక్కెక్కడంటే, కొందరిలో ప్రమాదం దాటిపోయినా ఆ ఏర్పాటు ఆగదు. ఇంట్లో దొంగ లేకపోయినా కుక్క మొరుగుతూనే ఉన్నట్టు, నాడీవ్యవస్థ కాపలా కాస్తూనే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలు లేకుండానే వణికిపోతున్న సైనికుల గురించి 1915లో బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మైయర్స్ రాశాడు. అప్పట్లో అలాంటివారిని చాలామంది పిరికివారనుకున్నారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని ఒక రుగ్మతగా గుర్తించి, పీటీఎస్‌డీ అనే పేరుతో తన జాబితాలో చేర్చింది. తర్వాత పీటర్ లెవిన్ 1997లో, బెసెల్ వాండర్ కోల్క్ 2014లో రాసిన పుస్తకాలు ఒక సంగతిని లోకం ముందుంచాయి. గాయపడినవారితో మాట్లాడితే చాలదు, భయాన్ని దాచుకున్న శరీరానికి కూడా 'ఇప్పుడు నువ్వు క్షేమంగా ఉన్నావు' అని తెలియజెప్పాలి.

మన ప్రాంతంలో ఈ గాయం బొగ్గుగనులకే పరిమితం కాదు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గిరిజనులపై పోలీసు కాల్పులు జరిగాయి. ఆ తర్వాతి ఏళ్లలో అటు నక్సలైట్లకూ ఇటు పోలీసులకూ మధ్య నలిగిన పల్లెలు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఎన్నో. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్లున్నాయి. గల్ఫ్ నుంచి శవపేటిక వచ్చిన ఇళ్లున్నాయి. తాగి వచ్చిన భర్త అడుగుల చప్పుడుకే బిగుసుకుపోయే భార్యలున్నారు, ఆమె కొంగు చాటున బిగుసుకుపోయే పిల్లలున్నారు. ఇలాంటి కుటుంబాలు లేని సంఘం మన జిల్లాల్లో ఉంటుందా?

రెండు మంటల కథ

ఇక పేతురు దగ్గరికి వద్దాం. యోహాను సువార్త 18వ అధ్యాయంలో, యేసును బంధించిన రాత్రి, ప్రధానయాజకుని ముంగిట్లో చలిమంట వేశారు. పేతురు అక్కడ నిలబడి చలి కాచుకుంటున్నాడు. ఆ రాత్రే తన ప్రభువును ఎరుగనని మూడుసార్లు అన్నాడు. కోడి కూసింది. పేతురు సంతాపపడి ఏడ్చాడని మిగతా సువార్తలు చెబుతున్నాయి.

తర్వాత 21వ అధ్యాయం. పునరుత్థానుడైన యేసు తిబెరియ సముద్రతీరాన మళ్లీ ఒక మంట వేశాడు. నిప్పులమీద చేపలున్నాయి, రొట్టె ఉంది. ఈ రెండు మంటలకూ యోహాను గ్రీకులో ఒకే మాట వాడాడు. ఆ మాట 'అంత్రకియా', అంటే బొగ్గుల నిప్పు. కొత్త నిబంధన మొత్తంలో ఈ మాట ఈ రెండు చోట్లే ఉంది. మేలురకం బొగ్గుకు 'ఆంత్రసైట్' అనే పేరు వచ్చింది కూడా ఈ గ్రీకు మూలం నుంచే. బొగ్గుతో బతికిన నేల మనది. ఈ మాట మనకు కాక ఇంకెవరికి బాగా అర్థమవుతుంది?

వాసన చాలా దగ్గరి దారిలో మెదడులోని జ్ఞాపకాల చోటికీ భయాల చోటికీ చేరుతుంది. ఆ ఉదయం బొగ్గుల పొగ ముక్కుకు తగలగానే పేతురుకు ఆ రాత్రి గుర్తొచ్చిందా? యోహాను ఆ మాట రాయలేదు. అయితే ఒకే మాటను రెండుచోట్లా రాసి, ఆలోచించే పని మనకు వదిలాడు. పేతురు పడిపోయిన చోటు లాంటి చోటునే, అతణ్ణి లేపడానికి ప్రభువు సిద్ధం చేశాడు. ఈసారి అక్కడ శత్రువులు లేరు. పక్కన స్నేహితులున్నారు. రాత్రి కాదు, తెల్లవారుతోంది.

ప్రభువు పాటించిన వరుస చూడండి. రాత్రంతా వలలు లాగి అలసినవారు వాళ్లు. పేతురైతే నీళ్లలో దూకి తడిసి వచ్చాడు. వచ్చీ రాగానే 'ఆ రాత్రి ఎందుకలా అన్నావు?' అని ప్రభువు అడగలేదు. ముందు వెచ్చని నిప్పు. తర్వాత భోజనానికి పిలుపు. స్వయంగా తన చేతులతో రొట్టె, చేపలు పంచాడు. వారు తిన్నాకనే పేతురును పేరుపెట్టి పిలిచి ప్రశ్న అడిగాడు. మూడో ప్రశ్నకు పేతురు బాధపడ్డాడు. అవును, మానుతున్న గాయం కూడా నొప్పి పెడుతుంది. కానీ ఆ నొప్పిని తట్టుకోగలిగే స్థితికి అతని శరీరాన్ని తెచ్చాకే ప్రభువు ఆ గాయాన్ని ముట్టుకున్నాడు.

పాత నిబంధనలోనూ దేవుడు ఇదే చేశాడు. యెజెబెలు బెదిరింపుకు పారిపోయిన ఏలీయా, ఇక చావే మేలని చెట్టుకింద పడుకున్నాడు (1 రాజులు 19). అంతకుముందే కర్మెలు పర్వతం మీద అగ్నిని దింపిన ప్రవక్త అతడు. అతనికి విశ్వాసం తక్కువని ఎవరనగలరు? దేవుడు అతణ్ణి గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపాడు. నిప్పులమీద కాల్చిన అప్పం, నీళ్లు పెట్టాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. ఆ తర్వాత నలభై పగళ్లు, నలభై రాత్రులు నడక. హోరేబులో ఆ మెల్లని స్వరం వినిపించింది వీటన్నిటి తర్వాతే.

సంఘం చేయగలిగినవి

మొదటిది, సాక్ష్యం కోసం తొందరపెట్టకూడదు. ప్రమాదం నుంచి బయటపడినవారిని మరుసటి ఆదివారమే మైకు ముందు నిలబెట్టి 'ఏం జరిగిందో చెప్పండి' అనడం మనకు అలవాటు. అంతా వెంటనే కక్కించేస్తే భారం తీరుతుందని ఒకప్పుడు నిపుణులూ అనుకున్నారు. అలా చేస్తే మేలు కలగడం లేదని తర్వాత తేలింది. అతను చెప్పాలనుకున్నప్పుడు చెబుతాడు. అంతవరకు పక్కన ఉండడమే పరిచర్య.

రెండోది, ఊపిరి. మెదడు అడుగుభాగం నుంచి గుండె, ఊపిరితిత్తులు, కడుపు దాకా వెళ్లే ఒక నాడి ఉంది. లాటిన్‌లో దాని పేరు వేగస్, అంటే తిరుగాడేది అని అర్థం. గుండె వేగాన్ని తగ్గించేది ఈ నాడే. ఊపిరి వదిలేటప్పుడు దీని ప్రభావం పెరిగి గుండె కాస్త నెమ్మదిస్తుంది. అందుకే నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలమంటారు. ఐదు నిమిషాలు చాలు. బిగబట్టకూడదు, బలవంతం కూడదు. కళ్లు మూసుకుంటే భయం ఎక్కువయ్యేవారు తెరిచే ఉంచుకోవచ్చు. కళ్లు తెరిచి చేసినంత మాత్రాన ప్రార్థన ప్రార్థన కాకుండా పోదు.

మూడోది, పాట. కీర్తనలో ఒక చరణం పాడాలంటే ఊపిరిని కొద్దికొద్దిగా వదులుతూ పోవాలి. పదిమంది కలిసి పాడితే పదిమంది ఊపిరీ ఒకే వరుసలోకి వస్తుంది. మన తాతమ్మలు సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నిదానంగా పాడిన కీర్తనలు వారి ఒంటికి కూడా విశ్రాంతినిచ్చాయి. అయితే స్పీకర్లు చెవులు పగిలేలా పెడితే గాయపడిన నాడులకు అది ఇంకో సైరనే. సౌండు కొంచెం తగ్గించడం కూడా ప్రేమే.

నాలుగోది, స్పర్శ. ప్రభువు కుష్ఠురోగిని ముట్టుకున్నాడు, గుడ్డివాని కళ్లమీద చేతులుంచాడు. మనమూ చేతులుంచి ప్రార్థిస్తాం. కానీ దెబ్బలు తిన్న స్త్రీ తలమీద అకస్మాత్తుగా చెయ్యి పడితే ఆమె శరీరం దాన్ని దెబ్బగానే తీసుకోవచ్చు. 'చెయ్యి వేసి ప్రార్థన చేయనా అమ్మా?' అని అడగండి. వద్దంటే దూరంగా ఉండే ప్రార్థించండి.

ఐదోది, నేలమీదికి తేవడం. భయం ముంచుకొచ్చినవారి పక్కన కూర్చుని, 'పాదాలు నేలకు ఆనించండి. ఈ గదిలో కనబడే ఐదు వస్తువులు చెప్పండి' అని నెమ్మదిగా అడగండి. అప్పుడు ఆనాటి గని నుంచి ఈనాటి గదిలోకి వారి చూపు మళ్లుతుంది. మంచినీళ్లు ఇవ్వండి. వీలైతే కలిసి కాస్త నడవండి.

వైద్యుడు కూడా దేవుని దానమే

ఇవన్నీ ఊరటనిచ్చే పనులు, చికిత్సకు బదులు కావు. శరీరం ద్వారా చేసే చికిత్సా పద్ధతులపై పరిశోధన ఇంకా సాగుతోంది. మనోగాయం గురించి క్రమపద్ధతిలో మాట్లాడించే చికిత్స, కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్ చికిత్స, ఈ రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. పీడకలలు, ఉలికిపాటు, నిద్రలేమి నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుణ్ణి కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. ప్రార్థన మొదలుపెట్టామని మందులు ఆపమనే అధికారం ఎవరికీ లేదు. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడేనని మరువవద్దు.

పునరుత్థానుడైన ప్రభువు తోమాకు తన చేతులు చూపించినప్పుడు వాటిలో మేకుల గుర్తులున్నాయి. మరణాన్ని జయించిన దేహంలో కూడా ఆ మచ్చలు మిగిలాయి, వాటిని ఆయన దాచుకోలేదు. మనలో గాయపడినవారూ దాచుకోనక్కరలేని చోటుగా సంఘం ఉండాలి.

వచ్చే ఆదివారం చివరి బెంచీలో తలుపు పక్కన కూర్చున్న ఆ సహోదరుణ్ణి ముందుకు రమ్మని పిలవకండి. మీరే వెనక్కి వెళ్లి అతని పక్కన కూర్చోండి. తలుపు తెరిచే ఉండనివ్వండి. ఆరాధన అయ్యాక ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టండి. ప్రశ్నలు తర్వాత. ఆ సముద్రతీరాన మన ప్రభువు చేసింది కూడా అదే కదా!