తాళాల కంపెనీ నుంచి మెదడు దాకా: ఒక కవాటం కథ

తలలో నీరు చేరిన బిడ్డకు ‘షంట్ వేశాం’ అంటారు డాక్టర్లు. మెదడులో నిలిచిపోయిన నీటిని చర్మం కిందుగా పొట్టలోకి దించే సన్నని సిలికోన్ గొట్టం అది. దాని ప్రాణమంతా మధ్యలో ఉన్న కవాటంలోనే. నీరు ఒకవైపే పోవాలి, అదీ ఒత్తిడి పెరిగినప్పుడే.

1955లో అమెరికాలో పుట్టిన కేసీ హోల్టర్‌కు ఇదే జబ్బు. తండ్రి జాన్ హోల్టర్ తాళాల కంపెనీలో టెక్నీషియన్. శస్త్రవైద్యుడు యూజీన్ స్పిట్జ్ దగ్గరున్న కవాటాలు మొరాయిస్తున్నాయని తెలిసి, తానే పనికి కూర్చున్నాడు. రబ్బరుకు చిన్న చీలిక పెడితే ఒత్తిడికి తెరుచుకుంటుంది, తగ్గగానే మూసుకుంటుంది. ఆవిరిశుద్ధిని తట్టుకుని ఒంట్లో ఇమిడే పదార్థం కోసం వెతికితే సిలికోన్ దొరికింది. 1956లో ఆ కవాటాన్ని ముందుగా మరో బిడ్డకు అమర్చారు. కేసీ 1961లో చనిపోయాడు.

సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటి పేర్చుకున్న గొలుసు సిలికోన్. వేడికి సులువుగా చెదరదు. అందుకే ఒంటికి ఏమీ చేయదని చాలామంది నమ్మారు. నేను అంత తేలిగ్గా నమ్మను. 1960 నుంచి గుండెల్లో అమర్చిన, బంతితో పనిచేసే స్టార్–ఎడ్వర్డ్స్ కవాటాల్లో కొన్ని సిలికోన్ బంతులు నెత్తుటిలోని కొవ్వు పీల్చుకుని ఉబ్బాయి, పగిలాయి. ఆ రబ్బరును గట్టిపరిచే పద్ధతి మార్చాకే బంతి నిలకడ పట్టింది. ఫ్రాన్స్‌లో పీఐపీ కంపెనీ రొమ్ము ఇంప్లాంట్లలో వైద్యానికి అనుమతి లేని చవక సిలికోన్ నింపి 2010లో పట్టుబడింది. గొలుసులో చేరకుండా మిగిలిన చిన్న అణువులెన్ని, ఏ ఉత్ప్రేరకం వాడారు, ఎంత శుభ్రం చేశారు అన్నవే అసలు ప్రశ్నలు.

హైదరాబాద్‌లో గోల్నాక నుంచి ఉస్మానియా యూనివర్సిటీ మీదుగా తార్నాక చేరితే, ఈ ప్రశ్నలకు జవాబు వెతికే పరీక్షలకు కావలసిన రెండు విద్యలూ దగ్గరదగ్గరే ఉంటాయి. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో రసాయన శాస్త్రం, జాతీయ పోషకాహార సంస్థలో ప్రయోగశాల జంతువుల కేంద్రం. పదార్థంలోంచి ఏం ఊరుతోందో ఒకరు చూడాలి, దానికి కణజాలం ఎలా స్పందిస్తోందో మరొకరు చూడాలి.

షంట్ ఖరీదు తలచుకుని కుంగిపోయే తల్లిదండ్రులకు ఒక మాట. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ వెల అప్పట్లో సుమారు 35 డాలర్లు, విదేశీ షంట్ వెల 650. ఉగాండాలో న్యూరోసర్జన్ బెంజమిన్ వార్ఫ్ 195 మంది పిల్లల్లో ఈ రెంటినీ పోల్చి 2005లో ప్రచురించారు. ఏడాది ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఏ షంటయినా ఏళ్లు గడిచేకొద్దీ మెడ దగ్గర గొట్టంపై కాల్షియం పేరుకోవచ్చు, బిడ్డ ఎదుగుతుంటే ఆ లాగుడుకు తెగవచ్చు. షంట్ ఉన్న పిల్లలకు తలనొప్పి, వాంతులు, మగత కనిపిస్తే అజీర్తి అనుకుని ఆగకుండా వెంటనే న్యూరోసర్జన్ దగ్గరకు తీసుకెళ్లండి.