సైరన్‌లా మోగే ఫోన్: టవర్ నుంచి వచ్చే విపత్తు హెచ్చరిక ఎలా పనిచేస్తుంది?

2023లో దేశంలోని వివిధ ప్రాంతాల్లో లక్షలాది మంది ఫోన్లు ఉన్నట్టుండి పెద్ద శబ్దంతో మోగాయి. అది రింగ్‌టోన్ కాదు, అలారమూ కాదు. తెరపై ఒక ప్రకటన ప్రత్యక్షమైంది. అది పరీక్ష కోసం పంపిన సందేశమని, ఎవరూ ఏమీ చేయనవసరం లేదని అందులో రాసి ఉంది. చాలామంది ఉలిక్కిపడ్డారు.

టెలికాం శాఖ, జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ కలిసి పరీక్షించిన ఆ విధానం పేరు సెల్ బ్రాడ్‌కాస్ట్. తుపాను, వరద, సునామీ వంటి ముప్పు ముంచుకొస్తున్నప్పుడు ఆ ప్రాంతంలోని ఫోన్లన్నింటికీ ఒకేసారి హెచ్చరిక చేరవేయడం దీని ఉద్దేశం.

ఎస్సెమ్మెస్‌కు, దీనికి తేడా ఏమిటి?

ఎస్సెమ్మెస్ ఉత్తరం లాంటిది. పోస్ట్‌మన్ చిరునామా చూసుకుంటూ ఇంటింటికీ తిరిగినట్టు, నెట్‌వర్క్ ఒక్కో నంబరు ఏ టవర్ పరిధిలో ఉందో వెతికి ఒక్కో సందేశాన్ని అందజేస్తుంది. లక్ష మందికి చెప్పాలంటే లక్ష సందేశాలు పంపాలి. అదే సమయంలో అందరూ ఫోన్లు చేసుకుంటుంటే నెట్‌వర్క్‌పై భారం పెరిగి, సందేశాలు ఆలస్యమవుతాయి.

సెల్ బ్రాడ్‌కాస్ట్ ఊళ్లో వేసే చాటింపు లాంటిది. టవర్ తన పరిధిలో ఒకే సందేశాన్ని ప్రసారం చేస్తుంది. దాన్ని స్వీకరించగల ఫోన్లన్నీ వింటాయి. ఎవరి నంబరూ తెలియనవసరం లేదు. అందువల్ల ఆ ఊరికి చుట్టపుచూపుగా వచ్చినవారికి, తీర్థయాత్రకు వచ్చినవారికి కూడా హెచ్చరిక అందుతుంది. ఇది కాల్స్ మీద ఆధారపడని ప్రత్యేక మార్గంలో ప్రయాణిస్తుంది కనుక, కాల్ కలవనంత రద్దీలోనూ చేరగలదు. నిర్ణీత వ్యవధిలో మళ్లీ మళ్లీ ప్రసారం చేసే వీలున్నందున, ఆలస్యంగా ఫోన్ ఆన్ చేసినవారికీ అందే అవకాశం ఉంది.

హెచ్చరిక ఎక్కడ పుడుతుంది?

తుపాను గురించి భారత వాతావరణ విభాగం, నదుల వరదల గురించి కేంద్ర జల సంఘం, సునామీ గురించి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సమాచారం ఇస్తాయి. ఇన్ని సంస్థల సమాచారం ఒకే తీరులో ఉండేందుకు కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ నమూనాను వాడుతున్నారు. ముప్పు ఏమిటి, ఎంత తీవ్రం, ఏ ప్రాంతానికి, ఎప్పటివరకు అన్న వివరాలను కంప్యూటర్లు చదవగలిగే రూపంలో రాసే పద్ధతి ఇది. ఒకసారి అలా రాస్తే, అదే హెచ్చరికను వెబ్‌సైట్‌కు, యాప్‌కు, టీవీకి, మొబైల్ టవర్‌కు పంపవచ్చు.

ఈ నమూనా ఆధారంగా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాట్ రూపొందించిన వేదికే 'సచేత్'. ఇందులో ముప్పున్న ప్రాంతాన్ని ఎంచుకుంటే, ఆ పరిధిలోని వారికే సందేశం వెళ్తుంది.

తెలుగులో ఎందుకు క్లుప్తంగా ఉండాలి?

ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్‌లో అయితే 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70 మాత్రమే. పైగా ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకు వస్తాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరమే కంప్యూటర్ లెక్కలో ఆరు. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో పలు పేజీలను కలిపి పంపే వీలుంది. అయినా గాలివానలో చదివేవారికి కావలసింది ఎక్కడికి వెళ్లాలి, ఎప్పటిలోగా వెళ్లాలి అన్న రెండు ముక్కలే.

టవరే కూలిపోతే?

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపానుకు విద్యుత్తుతోపాటు ఫోన్ వ్యవస్థ కూడా దెబ్బతింది. టవర్ పనిచేయకపోతే ఈ ప్రసారమూ ఉండదు. కాబట్టి గాలులు ఉధృతం కాకముందే సందేశం వెళ్లి తీరాలి.

సముద్రంలో ఉన్న మత్స్యకారుల సమస్య వేరు. తీరం నుంచి 10-12 కిలోమీటర్లు దాటితే సాధారణంగా మొబైల్ సిగ్నల్ అందదు. వీరి కోసం 2019లో ఇన్‌కాయిస్, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ 'జెమినీ' అనే పరికరాన్ని తెచ్చాయి. విమానాలకు దారి చూపే గగన్ ఉపగ్రహ వ్యవస్థ నుంచి ఇది సందేశాన్ని అందుకుని, బ్లూటూత్ ద్వారా పడవలోని ఫోన్‌కు చేరవేస్తుంది. అయితే ఇది వినగలదే తప్ప బదులు చెప్పలేదు. ఆపదలో ఉన్నామని తీరానికి తెలిపేందుకు ఇస్రో రూపొందించిన ప్రత్యేక ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయి.

ఫోన్‌లో ఏం చూసుకోవాలి?

చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో 'వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్' అనే విభాగం ఉంటుంది. శబ్దానికి చిరాకుపడి దాన్ని ఆపేస్తే, అసలైన హెచ్చరిక కూడా అందకపోవచ్చు. పాత ఫోన్లలో కొన్నింటికి ఈ సదుపాయం ఉండదు. ఇటువంటి హెచ్చరిక పొందడానికి ఓటీపీ గానీ, బ్యాంకు వివరాలు గానీ ఇవ్వనవసరం లేదు. అవి అడిగితే మోసమని గ్రహించాలి.

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. నాటితో పోలిస్తే ముప్పును ముందుగా పసిగట్టే శక్తి ఎంతో పెరిగింది. కానీ ఫోన్ లేని వృద్ధురాలికి, ఛార్జింగ్ అయిపోయిన ఇంటికి ఆ కబురు చేరాలంటే నేటికీ పక్కింటివారు తలుపు తట్టవలసిందే.