కొన్న పుస్తకం ఎవరిది?

2009 జులైలో అమెరికాలో కొందరి కిండిల్ ఈ-రీడర్ల నుంచి రెండు పుస్తకాలు చెప్పాపెట్టకుండా మాయమయ్యాయి. తీసుకెళ్లింది దొంగ కాదు, అమ్మిన అమెజానే. పోయినవేమో జార్జ్ ఆర్వెల్ ‘1984’, ‘యానిమల్ ఫామ్’. గిట్టని రాతలను సర్కారు కొలిమిపాలు చేసే కథ ఆ మొదటిది! ఇంత ఎకసెక్కం కావాలని చేసినా కుదరదు.

అమెజాన్‌కూ ఓ కారణం ఉంది. ఆ ప్రతులను స్టోర్‌లో పెట్టిన సంస్థకు అమెరికాలో హక్కుల్లేవు. కొన్నవాళ్లకు డబ్బు వాపసు వచ్చింది. కానీ మిషిగన్‌లో ఓ హైస్కూలు కుర్రాడు హోంవర్క్ కోసం ‘1984’ చదువుతూ నోట్సు రాసుకున్నాడు. నోట్సయితే మిగిలింది గానీ, ఏ మాట ఏ పేరా గురించో చెప్పే పుస్తకమే లేదు. కోర్టుకెక్కాడు. అప్పటి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. చివరికి రాజీ కుదిరింది. కోర్టు ఆదేశం, వైరస్ వంటి కొన్ని కారణాలుంటే తప్ప అమెరికాలో ఎవరి కిండిల్‌లోనూ చెయ్యి పెట్టబోమని కంపెనీ ఒప్పుకుంది.

అసలు చెయ్యి పెట్టే వీలెందుకుంది? ‘కొనండి’ అన్న బటన్ నొక్కితే మనకొచ్చేది చదువుకునే అనుమతి మాత్రమే. ఫైలుకు సాధారణంగా డీఆర్‌ఎం అనే తాళం వేసి ఉంటుంది, తాళంచెవి కంపెనీ దగ్గరుంటుంది. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న నవల అట్ట తిప్పితే ఎవరిదో పేరు, ఎప్పటిదో తేదీ కనిపిస్తాయి. అది ఎన్ని చేతులు మారినా అడిగేవాడు లేడు. ఈ-బుక్కుకు ఆ యోగం లేదు. పాఠకులు చదివేసిన ఈ-బుక్కులను మళ్లీ అమ్మిపెట్టిన టామ్ క్యాబినెట్ అనే డచ్ సంస్థకు 2019లో ఐరోపా న్యాయస్థానంలో చుక్కెదురైంది.

అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్కుల దుకాణం మూసేసింది. డబ్బు తిరిగిచ్చింది సరే, పుస్తకాలు మాత్రం తెరుచుకోవడం మానేశాయి. ఉచితంగా తీసుకున్నవీ పోయాయి.

2025 ఫిబ్రవరి 26న అమెజాన్ మరో దారి మూసింది. అప్పటిదాకా కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీ తీగతో ఎక్కించుకునే వీలుండేది. తాళం ఉన్నా, ఫైలంటూ ఒకటి ఇంట్లో ఉండేది.

అమ్మకాలన్నీ ఇలాగే సాగాలనేం లేదు. సైన్స్ ఫిక్షన్ ప్రచురణకర్త టోర్ 2012 నుంచే తాళం లేకుండా అమ్ముతోంది. ఇక కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి కొత్త చట్టం వచ్చింది. ‘కొనండి’ అంటూ ఇస్తున్నది అనుమతే అయితే, డబ్బు తీసుకునేముందే ఆ మాట స్పష్టంగా చెప్పి తీరాలి. చెబితే చాలు, అమ్మకం తీరు మార్చనక్కర్లేదు.