జామీను సొమ్ము: దానమా, అమానతా?

ఒక వ్యక్తిపై హత్యాభియోగం మోపబడింది. కొందరికి అతడు వీరుడు, మరికొందరికి హంతకుడు. విచారణ ఇంకా ప్రారంభమే కాలేదు. అయినా అతనిని ఎన్నడూ చూడని వేలాదిమంది అతని జామీనుకై ధనం పంపుతున్నారు. ఇది సత్కార్యమా, లేక నేరానికి వత్తాసా? అమెరికాలో జరిగిన ఒక ఉదంతం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

2020 ఆగస్టులో విస్కాన్సిన్ రాష్ట్రంలోని కెనోషా పట్టణంలో ఒక నల్లజాతీయునిపై పోలీసులు కాల్పులు జరిపారు. దరిమిలా అక్కడ అల్లర్లు చెలరేగాయి. 25వ తేదీ రాత్రి, 17 ఏళ్ల కైల్ రిటెన్‌హౌస్ తుపాకీతో ఆ వీధులలో తిరిగాడు. అతని కాల్పులలో ఇద్దరు మరణించారు, ఒకరు గాయపడ్డారు. ఆత్మరక్షణకే కాల్చానన్నది అతని వాదన. న్యాయస్థానం 20 లక్షల డాలర్ల జామీను విధించింది. రుసుము తీసుకొని పూచీ పడే వ్యాపారానికి ఆ రాష్ట్రంలో అనుమతి లేదు కనుక మొత్తం సొమ్ము చెల్లించవలసిందే. విరాళాలతో సమకూడిన ఆ సొమ్ము నవంబరు 20న జమ అయింది. 2021 నవంబరు 19న జ్యూరీ అతనిని అన్ని అభియోగాల నుండి విముక్తుని చేసింది.

ఇక్కడ మొదట గ్రహించవలసినది, జామీను తీర్పు కాదు. మన ధర్మశాస్త్రంలో ‘కఫాలత్ బిన్నఫ్స్’ అనే అధ్యాయం ఉంది. నిందితుడు పిలిచినప్పుడు హాజరవుతాడని పూచీ పడటమే దాని అర్థం. పూచీదారు అతని నిర్దోషిత్వానికి సాక్షి కాడు. కనుక జామీను చెల్లించినంత మాత్రాన ఎవరూ నేరాన్ని సమర్థించినట్లు కాదు. అయితే ఆ చెల్లింపును విజయోత్సవంగా జరుపుకోవడం వేరు విషయం. మృతుల ఇళ్లలో కన్నీరు ఇంకా ఆరలేదు. ఆ కుటుంబాల దుఃఖాన్ని విస్మరించిన ఔదార్యం పక్షపాతంగా మారిపోతుంది.

రెండవది, సొమ్ము సంగతి. నిందితుడు షరతులు పాటిస్తే జామీను సొమ్ము తిరిగి వస్తుంది. ఈ వ్యాజ్యంలోనూ తీర్పు వెలువడిన పిమ్మట, ఆ 20 లక్షలు ఎవరివన్న వివాదం తలెత్తింది. విరాళాలు సేకరించిన సంస్థ ఒక పక్క, నిందితుని పక్షం మరొక పక్క హక్కు కోరాయి. 2022 జనవరిలో రాజీ కుదిరి సొమ్ము పంపిణీ అయింది. ఇచ్చిన సొమ్ము నిందితునికి కానుకా, అప్పా, లేక సేకరించినవారి వద్ద అమానతా? ఈ మాట ఆరంభంలోనే తేల్చి, వ్రాతపూర్వకంగా ఉంచితే తగవుకు తావుండదు. జకాత్ ధనం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం అది అర్హుని యాజమాన్యంలోకి వెళ్లాలి. న్యాయస్థానంలో జమచేసి వెనక్కి తీసుకొనే సొమ్ముకు దానిని వినియోగించే ముందు ముఫ్తీని సంప్రదించాలి.

మూడవది అన్నింటికన్నా బరువైనది. అదే దేశంలో 2010లో, న్యూయార్క్ నగరంలో, సంచి దొంగిలించాడన్న ఆరోపణపై 16 ఏళ్ల కలీఫ్ బ్రౌడర్‌ను నిర్బంధించారు. మొదట విధించిన జామీను కేవలం 3,000 డాలర్లు. అతని కుటుంబం ఆ మొత్తాన్ని సమకూర్చలేకపోయింది. విచారణే జరగకుండా సుమారు మూడేళ్లు రైకర్స్ ద్వీపపు చెరలో గడిపాడు. అందులో అధికభాగం ఏకాంత నిర్బంధమే. 2013లో అభియోగాలు ఉపసంహరించారు. 2015లో అతడు ఆత్మహత్య చేసుకున్నాడు. పేరు మోసిన నిందితునికి 20 లక్షలు దొరికాయి, పేరులేని బాలునికి మూడు వేలు దొరకలేదు.

మన దేశంలోనూ ఈ బాధ ఉంది. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి మధ్యప్రదేశ్‌లో 10,000 రూపాయల పూచీ విధించారు. సోదరుని ఆస్తి వేరే జిల్లాలో ఉందని అతని పూచీని నిరాకరించారు. సుప్రీంకోర్టు దానిని తప్పుపట్టి, 1,000 రూపాయలకు తగ్గించింది. జామీను సొమ్ము కట్టలేని పేద విచారణ ఖైదీలకు సహాయం అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రవేశపెట్టింది; అప్పట్లో ఆ సహాయ పరిమితి 40,000 రూపాయలు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయిస్తే మార్గం తెలుస్తుంది.

పాఠకులారా! విరాళం ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మనిషి పేరు నేను ఎన్నడూ వినకపోయి ఉంటే, ఇంతే ఇచ్చేవాడినా? మీ ఊరి జైలులో జామీను ఉత్తర్వు వచ్చినా, పూచీ పడేవారు లేక మిగిలిపోయిన మనిషి ఉండవచ్చు. అతని వైపు ఏ గుంపూ నిలబడదు. అటువంటివారిని వెతికి పట్టుకోవడం మన బాధ్యత.