కంచ ఎవరిది?

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో 2025 మార్చి చివర్లో బుల్డోజర్లు దిగాయి. 400 ఎకరాలు చదును చేసి ఐటి కంపెనీలకు అప్పజెప్పాలన్నది ప్రభుత్వ ఆలోచన. విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాలు నాశనమైనట్టు కోర్టుకు నివేదిక అందింది.

ఈ గొడవలో రెండు వాదనలే పత్రికలకెక్కాయి. రికార్డుల్లో ఇది అడవి కాదు, సర్కారు భూమి అన్నది ప్రభుత్వం. పర్యావరణవాదులు నెమళ్లు, జింకలు, చెట్లు లెక్క చెప్పారు. రెండో వాదన పక్షానే మేం నిలబడతాం. కాని అడగాల్సిన మూడో ప్రశ్న మిగిలే ఉంది. అసలు కంచ అంటే ఏంది? దాని మీద బతికిందెవరు?

తెలంగాణలో కంచ అంటే మేతకు విడిచిన బీడు. సాగుకు పనికిరాదని పట్టా కాకుండా మిగిలిన రాళ్ల నేల. ఈ నేల మీద పట్టా ఉన్నవాడికి పెద్దగా పని లేదు. పట్టా లేనివాడికి అదే ఆధారం. వాడల్లోని ఆడోళ్లు పొయ్యిల పుల్లలు తెచ్చుకున్నదీ, సీతాఫలాలు తెంపి అమ్ముకున్నదీ ఇలాంటి బీళ్లలోనే. జీతగాళ్లు దొర గొడ్లను మేపిందీ ఇక్కడే. మాదిగలు లందలో తోలు నాననిచ్చేది తంగేడు చెక్కతోనే. ఆ తంగేడు పువ్వే ఇవాళ రాష్ట్ర పుష్పం. తంగేడు మొలిచే బీడును మాత్రం పనికిరాని భూమి అంటారు!

కంచ మనకు స్వర్గమేం కాదు. జాగీర్దార్ల, దొరల పెత్తనం అక్కడా నడిచింది. అందుకే 1953లో, అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన మరాఠ్వాడాలో, దళితులు బీడు భూముల కోసం సత్యాగ్రహం చేసి జైళ్లకు పోయారు. మేతకైనా సాగుకైనా ఆ భూమి మీద తమకు హక్కుందని చెప్పడమే అది.

కాగితాల ప్రయాణం

విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. దానికి సుమారు 2,300 ఎకరాలు చూపించారు. అందులోంచి 400 ఎకరాలు 2003లో ఐఎంజి అకాడమీస్ భారత అనే సంస్థకు పోయాయి. 2006లో అది రద్దయింది. కోర్టుల్లో కేసు నడిచి 2024లో సర్కారు గెలిచింది. వెంటనే పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు అప్పగించింది. సర్కారు, యూనివర్సిటీ, కంపెనీ, ఈ మూడింటి మధ్యనే కాగితం తిరిగింది. గొడ్ల కాపరి, పుల్లలేరుకునే తల్లి ఏ కాగితంలోనూ లేరు. కులం పని చేసే తీరు ఇది. నష్టపోయినోళ్ల పేరు లేకపోతే నష్టపరిహారం అడిగేవాడూ ఉండడు.

ఈ సంగతి ఒక్క గచ్చిబౌలిది కాదు. ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో 80కి పైగా ఊళ్లు తిరిగి ఎన్.ఎస్. జోధా 1986లో రాసిన వ్యాసం ఇదే తేల్చింది. ఉమ్మడి భూముల మీద ఎక్కువగా ఆధారపడేది పేదలు. పంపిణీ పేరుతో ఆ భూములు తగ్గిపోయినప్పుడు ఎక్కువ భాగం చేరింది పేదలు కానోళ్లకే.

ఉద్యోగాలొస్తాయి కదా అని కొందరంటారు. రావచ్చు. ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషన్ లేదు. గేటు కాడ కాపలా, లోపల ఊడ్చే పని మనోళ్లకు, ఏసీ గది ఇంకొకరికి.

చట్టంలో దారి

అడవి అంటే రికార్డులో రాసిందే కాదు, నిఘంటువు అర్థంలో అడవైనదంతా అడవే అని 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులతో పాటు ఇతర సంప్రదాయ అటవీ నివాసులకూ హక్కులిచ్చింది. దళితులు ఎక్కువగా ఈ రెండో కోవలోకే వస్తారు. కాని వీళ్లు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అక్కడే ఉండి అడవి మీద ఆధారపడి బతికినట్టు రుజువు చూపాలి. చదువే దక్కని తాతలకు కాగితమెక్కడిది? అయితే అదే చట్టం కింద వచ్చిన నియమాలు ఊరి పెద్దమనుషుల మాటను రాసి సాక్ష్యంగా పెట్టొచ్చంటున్నాయి. హక్కుదారు కాని పెద్దల మాట కావాలి.

కాబట్టి విద్యార్థులు, ఉపాధ్యాయులు చేయాల్సిన పని ఒకటుంది. బుల్డోజర్ వచ్చినాక పరిగెత్తడం కాదు. మీ ఊరి కంచ, బంచరాయి ఎక్కడుందో, సర్వే నంబరేమిటో, దాని మీద ఎవరెవరు ఏ పనికి ఆధారపడ్డారో ముసలోళ్లనడిగి ఇప్పుడే రాసిపెట్టండి. చెట్లను లెక్కపెట్టేవాళ్లున్నారు. ఆ చెట్ల కింద బతికిన మనుషులను మనమే లెక్కలోకి తేవాలి.