సిజేరియన్ తరువాత నొప్పి: ఎపిడ్యూరల్ ఉపశమనము

"కోసినాక నొప్పి లేకుండా ఎట్లుంటుందమ్మా, ఓర్చుకో!" సిజేరియన్ అయిన బాలింత మంచము ప్రక్కన కూర్చున్న అవ్వ నోట ఈ మాట విననివారు మన రాయలసీమలో అరుదు. ఆ మాటలో ప్రేమ కలదు. కాని ఈనాడు ఆ ఓర్పు అవసరము లేదు. అది తల్లికి గాని బిడ్డకు గాని మేలు చేయదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున నూటికి 42 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగినవి. కనుక ఇది ఏ ఒక్క ఇంటి విషయమో కాదు.

నొప్పి నణచు విద్య తెలుగునేలకు క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివరనే హైదరాబాదులో డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ రోగులకు క్లోరోఫారము ఇచ్చుటలో పేరు పొందిరి. అయితే క్లోరోఫారము తెలివినే హరించును. ఎపిడ్యూరల్ అట్లు కాదు.

వెన్నుపాము చుట్టును నీటివంటి ద్రవము, దానిని కప్పి ఒక దళసరి పొర ఉన్నవి. పొర లోపలి ద్రవములోనికి మందు ఎక్కించుట స్పైనల్ పద్ధతి. పొర వెలుపలి సన్నని ఖాళీలో మందు ఉంచుట ఎపిడ్యూరల్. స్పెయిన్ దేశపు సైనిక వైద్యుడు ఫిడెల్ పాహేస్ 1921లో దీనిని వివరించెను. సూది గుండా సన్నని గొట్టమును పంపి, సూదిని తీసివేయుదురు. ఆపరేషన్ పిదప ఒకటి రెండు దినములు ఆ గొట్టము ద్వారా కొద్దికొద్దిగా మందు ఇయ్యవచ్చును.

కర్నూలు–కడప కాలువ క్రింది రైతుకు ఇది సులభముగా బోధపడును. ఒక పిల్లకాలువ తూము మూసినంత మాత్రమున పెద్దకాలువ ఎండిపోదు. అట్లే, కోత పడినచోటి నొప్పిని మోయు నరములకే మందు అడ్డు నిలుచును. తల్లి మెలకువగా ఉండి బిడ్డకు పాలిచ్చును. పాలలోనికి చేరు మందు అత్యల్పము.

అందరికిని గొట్టము అవసరము కాదు. స్పైనల్ సూదిలోనే కొద్దిగా మార్ఫిన్ కలిపినచో ఇంచుమించు ఒక దినము నొప్పి అణగియుండును. తోడుగా పారాసెటమాల్ వంటి మాత్రలు వేళ తప్పక ఇత్తురు. కాన్పు నొప్పులకై ముందే గొట్టము అమర్చినవారికి ఎపిడ్యూరల్ మిక్కిలి అనుకూలము.

నొప్పికి వెరచిన తల్లి గట్టిగా ఊపిరి పీల్చదు, మంచము దిగదు. కదలక పడుకొన్నచో కాలి రక్తనాళములలో రక్తము గడ్డకట్టు ప్రమాదము కలదు. బిడ్డను ఎదకు చేర్చుకొనుటయు కష్టమగును.

ఈ పద్ధతికి ఇబ్బందులును లేకపోలేదు. దురద, వాంతి, రక్తపోటు తగ్గుట, కాళ్లు బరువెక్కుట, మూత్రము బిగియుట కలుగవచ్చును. మార్ఫిన్ వలన అరుదుగా శ్వాస మందగించును. కనుకనే నర్సులు కనిపెట్టుకొని ఉందురు. లేచి కూర్చున్నంతనే తలనొప్పి హెచ్చినను, కాళ్లకు స్పర్శ తిరిగి రాకున్నను, జ్వరము వచ్చినను వెంటనే చెప్పవలెను. రక్తము సరిగా గడ్డకట్టని వారికి ఈ పద్ధతి తగదు.

"వెన్నులో సూది వేస్తే జన్మంతా నడుమునొప్పే" అను భయము పెక్కుమందికి కలదు. సూది పడినచోట కొన్ని దినములు నొప్పి ఉండవచ్చును. ఏండ్ల తరబడి వేధించు నడుమునొప్పికి ఆ సూదియే కారణమని పరిశోధనలలో తేలలేదు. సూది ఎరుగని తల్లులకును కాన్పు తరువాత నడుము నొచ్చును.

కర్నూలులో 1956 నుండి, కడపలో 2006 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నవి. ఏ ఆసుపత్రికి వెళ్లినను, మత్తుమందు ఇచ్చు డాక్టరును ఆపరేషన్‌కు ముందే అడుగుడు: "తరువాత నొప్పికి ఏమి ఇస్తారు?" ఇంట అవ్వలు కూడ "ఓర్చుకో" అనుటకు మారుగా, "నొప్పిగా ఉందా తల్లీ? నర్సమ్మను పిలుస్తా నుండు" అన్నచో, ఆ ప్రేమ సార్థకమగును.