పాట పాడక ముందే వాపసు మాట: ఆన్‌లైన్ వేలంలో నాణేలు, తపాలా బిళ్ళలు కొనేవారికి చట్టం ఇచ్చే రక్షణ ఎంత?

చార్మినార్ ముద్ర గల నిజాం రూపాయి, విక్టోరియా రాణి శిరస్సు గల వెండి నాణెం, గాంధీజీ చిత్రంతో 1948లో వెలువడిన తపాలా బిళ్ళ... ఒకప్పుడు ఇటువంటి వాటి కోసం సేకరణాభిలాషులు నాణేల ప్రదర్శనలకు, పాత వస్తువుల దుకాణాలకు తిరిగేవారు. నాణేన్ని చేతిలోకి తీసుకొని బరువు చూసేవారు, అంచును తడిమేవారు, అమ్మే మనిషి ముఖమూ చూసేవారు. ఇప్పుడు ఆ వెతుకులాట ఎక్కువగా ఫోను తెర మీదే సాగుతోంది. కొనుగోలుదారు ముందు ఉండేవి రెండు మూడు ఫొటోలు, నాలుగు వాక్యాల వర్ణన, గడువు ముగియబోతోందని హెచ్చరించే గడియారం మాత్రమే.

ఈ మార్పును మోసగాళ్లు చక్కగా వాడుకుంటున్నారు. నకిలీ వస్తువు పంపడం, అసలేమీ పంపకపోవడం, తమ మనుషుల చేతనే పాట పాడించి ధర పెంచడం వంటివి ఇందులో సర్వసాధారణం. సొమ్ము పోయిన తరువాత చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: డబ్బు వాపసు వస్తుందా? దీనికి సమాధానం చాలావరకు పాట పాడక ముందే ఖరారైపోతుంది. ఎవరి వద్ద కొన్నారు, ఏ వర్ణనను నమ్మి కొన్నారు, ఏ మార్గంలో చెల్లించారు అన్న మూడు అంశాలే వాపసును నిర్ణయిస్తాయి.

నష్టాలు మూడు రకాలు

మొదటిది మోసం. విక్రేత అనేవాడే కల్పితుడు, లేదా డబ్బు తీసుకొని మాయమయ్యాడు. ఇది నేరం, వెళ్లవలసింది పోలీసుల వద్దకు. రెండవది వివాదం. వస్తువు వచ్చింది గాని, వర్ణనకు సరిపోలలేదు. ఇది వేదిక నియమాల ద్వారా, వినియోగదారుల చట్టం ద్వారా పరిష్కరించుకోవలసినది. మూడవది సొంత అంచనా తప్పడం. వస్తువు అసలుదే, వర్ణనా నిజమే, కానీ దాని విలువ అనుకున్నంత లేదు. ఈ మూడవదానికి సాధారణంగా వాపసు ఉండదు. ఏ నష్టం ఏ కోవకు చెందుతుందో తెలియక తప్పు తలుపు తట్టేవారే విలువైన సమయాన్ని కోల్పోతుంటారు.

వర్ణనలోని ప్రతి మాటా ముఖ్యమే

వేలం వర్ణనల్లో కొన్ని మాటలు కొనుగోలుదారు హక్కులను నిశ్శబ్దంగా తగ్గించివేస్తాయి. ‘రెప్లికా’, ‘కాపీ’ అంటే నకలు. ‘రీస్ట్రైక్’ అంటే పాత అచ్చులతో తరువాతి కాలంలో మళ్ళీ ముద్రించినది. ‘టోకెన్’ అని రాసి ఉంటే అది చలామణి నాణెం కాదు. ‘ఉన్నది ఉన్నట్లుగా’ అని ఉంటే వస్తువు స్థితి విషయంలో ఫిర్యాదు స్వీకరించబోమని విక్రేత ముందే చెబుతున్నట్లు. శీర్షికలో ‘అరుదైన అసలు నాణెం’ అని పెద్దక్షరాలతో రాసి, అడుగున చిన్న అక్షరాలతో ‘పాత శైలి’ అని చేర్చే వర్ణనలకు దూరంగా ఉండటం శ్రేయస్కరం.

చరిత్ర తెలిస్తే కొన్ని నకిలీలు చూడగానే బయటపడతాయి. ఒకవైపు రామ పట్టాభిషేక దృశ్యం, మరోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం గల ‘హాఫ్ అణా’ బిళ్ళలు లక్షల ధర పలుకుతాయన్న ప్రచారం ఎంతో కాలంగా ఉంది. నాణెశాస్త్రజ్ఞులు వాటిని కంపెనీ నాణేలుగా గుర్తించరు. అవి తరువాతి కాలంలో తయారైన బిళ్ళలు. అలాగని దేవతామూర్తి ఉన్న కంపెనీ నాణెం ప్రతిదీ నకిలీ అనుకోవడమూ పొరపాటే. మద్రాసు ప్రెసిడెన్సీలో 19వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో వెలువడిన అర వరహా వెండి నాణెంపై ఒకవైపు గోపురం, మరోవైపు విష్ణుమూర్తి ఉంటాయి. దాని మీద తమిళంతో పాటు తెలుగు అక్షరాలూ కనిపిస్తాయి.

వైష్ణోదేవి చిత్రం గల 5, 10 రూపాయల నాణేలది మరో కథ. అవి 2012లో చలామణి కోసం విడుదలైన అసలు నాణేలే. కానీ సాధారణ చలామణికి వచ్చిన ప్రతిని లక్షలు పోసి కొనేవారు ఉండరు. నాణెం అసలుది కావడం వేరు, అరుదైనది కావడం వేరు.

తపాలా బిళ్ళల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గాంధీజీ స్మారకంగా 1948 ఆగస్టు 15న విడుదలైన 10 రూపాయల బిళ్ళపై ‘సర్వీస్’ అని అదనంగా ముద్రించినవి ప్రపంచంలోనే అరుదైన బిళ్ళల్లో ఉన్నాయి. సాధారణ బిళ్ళపై ఆ ఒక్క మాటను దొంగచాటుగా ముద్రించడం తేలిక గనుక, నిపుణుల ధ్రువపత్రం లేకుండా అటువంటి దానికి పాట పాడటం సాహసమే అవుతుంది.

నాణేలకు శ్రేణి నిర్ణయించి పెట్టెలో భద్రపరిచే పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థల ధ్రువీకరణ సంఖ్యను ఆయా సంస్థల వెబ్‌సైట్లలోనే సరిచూసుకోవచ్చు. విక్రేత పంపిన లంకెను నొక్కరాదు; చిరునామాను స్వయంగా టైపు చేయాలి. పెట్టెలను సైతం నకిలీ చేస్తున్నందున సంఖ్య సరిపోతే చాలదు, అక్కడి చిత్రంలోని నాణెమూ ఇదే కావాలి.

పాటలోనే మోసం

ధర పెంచడానికి విక్రేత మారుపేర్లతో తానే పాట పాడటం, బంధుమిత్రుల చేత పాడించడం ఆన్‌లైన్ వేలంలో పాత ఎత్తుగడ. ఒకే ఖాతా ఎల్లప్పుడూ ఒకే విక్రేత వస్తువులకే పాట పాడుతూ, చివరి నిమిషంలో తప్పుకుంటూ ఉంటే అనుమానించవలసిందే. భారత వస్తు విక్రయ చట్టం, 1930లోని 64వ సెక్షను ప్రకారం, ధర పెంచడానికి విక్రేత బూటకపు పాటను వాడుకుంటే ఆ విక్రయాన్ని రద్దు చేసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉంటుంది. అదే చట్టంలోని 15వ సెక్షను ప్రకారం, వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు తగినట్లే ఉండాలి.

మరో ఎత్తుగడ ‘రెండవ అవకాశం’. పాటలో ఓడిపోయినవారికి, గెలిచినవారు వెనుదిరిగారని, వేదికతో పని లేకుండా నేరుగా డబ్బు పంపితే వస్తువు వారిదేనని సందేశం వస్తుంది. ఇటువంటి అవకాశాన్ని వేదిక లోపలే ఇచ్చే సదుపాయం కొన్నిచోట్ల ఉంది. బయట చెల్లించమని అడిగారంటే మాత్రం అది మోసమనే భావించాలి.

వేలం సంస్థల ద్వారా కొనేవారు పాట ధరతో పాటు సంస్థ రుసుము, జీఎస్‌టీ, రవాణా ఖర్చులు కలిపి లెక్క వేసుకోవాలి. వస్తువు నకిలీ అని తేలితే ఎన్ని రోజుల్లో తెలియజేయాలి, ఎవరి ధ్రువీకరణను సంస్థ అంగీకరిస్తుంది అన్న నిబంధనలను పాటకు ముందే చదవాలి.

చెల్లింపు మార్గమే వాపసు మార్గం

వేదిక లోపల కార్డుతో చెల్లించినవారికి రెండు దారులు ఉంటాయి: వేదిక ఇచ్చే హామీ ఒకటి, బ్యాంకు ద్వారా చెల్లింపును సవాలు చేసే ‘ఛార్జ్‌బ్యాక్’ మరొకటి. విదేశీ వేదికల్లో కొనే భారతీయులకు ఇది ప్రధానం. ఈబే భారత విభాగం 2018లో మూతపడినా, అంతర్జాతీయ ఈబేలో ఇక్కడివారు కొంటూనే ఉన్నారు. వస్తువు వర్ణనకు భిన్నంగా ఉంటే సాధారణంగా అందిన 30 రోజుల్లోగా అక్కడ ఫిర్యాదు చేయాలి. పేపాల్‌లో వివాదం తెరవడానికి చెల్లించిన నాటి నుంచి 180 రోజుల గడువు ఉంటుంది. వేదిక వెలుపల కుదుర్చుకున్న బేరానికి ఈబే హామీ వర్తించదు.

యూపీఐ ద్వారా నేరుగా విక్రేత ఖాతాకు పంపిన సొమ్ము సంగతి వేరు. తనకు తెలియకుండా ఖాతా నుంచి సొమ్ము పోయినప్పుడు ఖాతాదారుకు రక్షణ కల్పిస్తూ రిజర్వు బ్యాంకు 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. స్వయంగా పిన్ నొక్కి పంపిన సొమ్మును బ్యాంకులు ఆ కోవలో చేర్చవు. డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కవలసిన అవసరం ఎన్నడూ ఉండదు. ‘వాపసు పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి’ అనే మాట వినబడిందంటే ఖాతాలోంచి మరికొంత సొమ్ము పోబోతోందని అర్థం.

పొట్లం చేతికి అందాక

వేలం పేజీ, వర్ణన, ఫొటోలు, విక్రేతతో జరిపిన సంభాషణ స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోవాలి. వేలం ముగిశాక ఆ పేజీ కనిపించకపోవచ్చు. పొట్లంపై చిరునామా చీటీ కనబడేలా మొదలుపెట్టి, ముద్ర విప్పడం నుంచి వస్తువును తూచడం వరకు మధ్యలో ఆపకుండా వీడియో తీయాలి.

1835 నుంచి వెలువడిన బ్రిటిష్ ఇండియా ప్రామాణిక వెండి రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే దాదాపు 11.66 గ్రాములు. అరుగుదల వల్ల కొద్దిగా తగ్గవచ్చు గాని, ఒకటి రెండు గ్రాముల తేడా ఉంటే అనుమానించాలి. వెండి అయస్కాంతానికి అంటుకోదు. 1947 నాటి రూపాయి నికెల్‌తో చేసినది కాబట్టి అది అంటుకుంటుంది. అంతమాత్రాన అది నకిలీ కాదు. బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని తేల్చలేం. అనుమానం ఉన్న నాణేన్ని తోమడం, కడగడం, పెట్టెలోంచి బయటకు తీయడం చేయరాదు. అలా చేస్తే, పాడుచేసింది కొనుగోలుదారేనని విక్రేత వాదించడానికి అవకాశం ఇచ్చినట్లవుతుంది.

వివాదమైతే ఈ వరుసలో

మొదట వేదికలోనే, గడువు లోపల, లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. నకిలీ వస్తువును, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును తిరిగి తీసుకోవడానికి గాని, సొమ్ము వాపసు ఇవ్వడానికి గాని విక్రేత నిరాకరించరాదు.

అక్కడ ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. కార్డు చెల్లింపు అయితే అదే సమయంలో బ్యాంకుకూ రాయాలి. బ్యాంకు 30 రోజుల్లో స్పందించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. చివరి మెట్టు వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపు అయితే జిల్లా కమిషన్‌లోనే, తాము నివసించే చోటు నుంచే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల వరకు రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి వేదిక ద్వారా దాఖలు చేయవచ్చు.

ఇక్కడ రెండు పరిమితులు గుర్తుంచుకోవాలి. తిరిగి అమ్మి లాభం పొందడానికి కొన్నవారిని చట్టం వినియోగదారుగా పరిగణించదు. ఈ-కామర్స్ నియమాలు వ్యాపారంగా కాక, ఎప్పుడో ఒకసారి సొంత వస్తువును అమ్ముకునే వ్యక్తులకు వర్తించవు. తాతగారి పెట్టెలో దొరికిందంటూ అమ్మేవారి వద్ద కొంటే, చట్టం ఇచ్చే అండ ఆ మేరకు తగ్గుతుంది.

మోసమైతే వెంటనే 1930

విక్రేత మాయమైనా, ఖాతా కల్పితమని తేలినా మరునాటి వరకు ఆగరాదు. జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. లావాదేవీ సంఖ్య, సమయం, మొత్తం, డబ్బు చేరిన ఖాతా లేదా యూపీఐ ఐడీ దగ్గర ఉంచుకోవాలి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దాటిపోక ముందే బ్యాంకులు దానిని నిలిపివేయగలిగితే, ఆ మొత్తాన్ని న్యాయస్థానం ఉత్తర్వుతో తిరిగి పొందే వీలుంటుంది. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా సొమ్ము వాపసు ఇప్పించిన సందర్భాలున్నాయి. వస్తు విక్రయ చట్టం సంవత్సరమూ, ఈ హెల్ప్‌లైన్ సంఖ్యా రెండూ 1930 కావడం యాదృచ్ఛికమే అయినా, గుర్తుపెట్టుకోవడానికి ఉపకరిస్తుంది.

ఒకసారి మోసపోయినవారి కోసం రెండవ వల కూడా సిద్ధంగా ఉంటుంది. ‘మీ డబ్బు రాబడతాం, ముందుగా రుసుము కట్టండి’ అంటూ అధికారుల పేరుతో ఫోన్లు వస్తాయి. పాత నోట్లు, నాణేల కొనుగోళ్లు, అమ్మకాల్లో తన పేరు, చిహ్నం వాడి రుసుము, కమీషన్, పన్ను పేరుతో డబ్బు అడుగుతున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. అటువంటి వ్యవహారాలు తాము జరపబోమని, తమ తరఫున రుసుము వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని స్పష్టం చేసింది.

కొన్న వస్తువు అసలుదే అయినా మరో ప్రశ్న మిగులుతుంది: దానిని అమ్మే హక్కు విక్రేతకు ఉందా? నూరేళ్లు దాటిన నాణేలు, శిల్పాలు, చిత్రాలు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని దేశం దాటించడం నేరం. లంకె బిందెల్లో దొరికాయంటూ అమ్మే నాణేల విషయంలో 1878 నాటి నిక్షేపాల చట్టమూ ఉంది. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలియజేయవలసిందే. అందుచేత రసీదు, విక్రేత పూర్తి చిరునామా, వస్తువు పూర్వ యజమాని వివరాలు అడగాలి. నిజాయితీ గల వ్యాపారి వాటిని ఇవ్వడానికి వెనుకాడడు. అవి లేకుండా ‘ఇంకా రెండు నిమిషాలే’ అని తొందరపెట్టే గడియారం ముందు పాట ఆపివేసినవారికి పోయేది ఒక నాణెం; అటువంటిది మరో వేలంలో మళ్ళీ దొరకవచ్చు.